ఇంట్లో సౌండ్ పాఠాలు – 4: అడాప్టర్ చాలా, డైరెక్ట్ కేబుల్ కొనాలా?

పోయిన పాఠంలో పిన్ను మీది నల్ల గీతలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఒక గీత ఉంటే మోనో (ఒకే సౌండ్), రెండుంటే స్టీరియో (ఎడమ, కుడి సౌండ్లు వేరువేరుగా), మూడుంటే మైకు కూడా కలిసిన పిన్ను. ఈ పాఠమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. మరిచిపోయినవారు ఇంట్లో ఉన్న ఇయర్‌ఫోన్ పిన్ను ఒకసారి చూసి రండి.

ఫోనుకు పట్టే సన్న పిన్ను 3.5 మిల్లీమీటర్లు. మిక్సర్‌కు (మైకులు, పాటల సౌండ్లను కలిపే పెట్టె), ఆంప్లిఫయర్‌కు పట్టే లావు పిన్ను 6.35. కోఠి గుజరాతీ గల్లీలో లావుదాన్ని ‘పీ-38’ అని అడిగితే త్వరగా చేతికొస్తుంది. సన్నదాన్ని లావుగా మార్చేది కావాలంటే కొట్టతను రెండు వస్తువులు బల్ల మీద పెడతాడు. ఒకటి బొటనవేలంత అడాప్టర్, రెండోది రెండు కొనలకూ కావలసిన పిన్నులున్న కేబుల్. ధరలో తేడా చూడగానే మనకు వచ్చే అనుమానం ఒకటే: అడాప్టర్ పెడితే సౌండ్ పాడవుతుందా?

ఒక పాత అడాప్టర్‌ను రంపంతో కోసి చూశాను. లోపల ఇత్తడి గొట్టం, రెండు మూడు స్ప్రింగు రేకులు, వాటి మధ్య ప్లాస్టిక్కు. అంతే. పాటను మార్చేంత సరంజామా అందులో లేదు. రేకులు గట్టిగా పట్టుకుని శుభ్రంగా ఉంటే, ఫోను నుంచి వచ్చే సిగ్నల్ ఆ రెండు అంగుళాల లోహంలో చెవికి తెలిసేంత ఏమీ పోగొట్టుకోదు. బంగారు పూత గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను: విద్యుత్తును మోయడంలో బంగారం కంటే రాగే మెరుగు. పూత వేసేది నల్లబడకుండా ఉండటానికి.

మరి చిక్కెక్కడ? అతుకుల్లో. అడాప్టర్ పెట్టిన ప్రతిచోటా ఒక అతుకు పెరుగుతుంది. స్ప్రింగు వదులైతే, వానాకాలపు చెమ్మకు రేకు నల్లబడితే, కేబుల్ కదిలినప్పుడల్లా గరగర. పైగా ఫోను సాకెట్టులో పొడవాటి బరువైన అడాప్టర్ గుచ్చితే అది గడ్డపారలా పనిచేస్తుంది. తగిలిన ప్రతి దెబ్బా లోపలి టంకం మీద పడుతుంది. అడాప్టర్ వాడక తప్పకపోతే రెండు పిన్నుల మధ్య జానెడు మెత్తటి తీగ ఉన్న రకం తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుంది, లోపలి తీగల అమరికను మార్చదు. ఇది నాకు నల్లకుంటలో ఒక వినాయక మండపం దగ్గర తెలిసింది. ఫోను స్టీరియో పిన్నుకు స్టీరియో పీ-38 అడాప్టర్ తొడిగి, మిక్సర్‌లో ఒకే చానల్‌కు గుచ్చాను. వయొలిన్లు వినిపిస్తున్నాయి, కోరస్ వినిపిస్తోంది. పాడే మనిషి గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టు లీలగా ఉంది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన “ఏం బాబూ, ఈ పూట గాయకుడు సెలవు పెట్టాడా?” అన్నారు. ఫోనులో ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే సరిపోతుందనుకున్నాను. చేశాను. ఉన్న కాస్త పాటా ఆగిపోయింది.

కారణం తెలిస్తే ఆశ్చర్యపోరు. చాలా మిక్సర్ల లావు సాకెట్టు బ్యాలెన్స్‌డ్ రకం. పిన్ను కొనకు వచ్చేదానికీ, మధ్య వలయానికి వచ్చేదానికీ ఉన్న తేడాను మాత్రమే అది తీసుకుంటుంది. ఫోను ఆ రెండింటిలో పంపేది ఎడమ, కుడి సౌండ్లు. గాయకుడి గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు, కాబట్టి తేడా సున్నా. మోనో చేశాక రెండు వైపులూ పూర్తిగా ఒకటే అయ్యాయి, పాట మొత్తం సున్నా. అక్కడ ఎంత ఖరీదైన అడాప్టర్ పెట్టినా అంతే.

ఆ పనికి కావలసింది ఒక కొనకు స్టీరియో సన్న పిన్ను, రెండో కొనకు రెండు మోనో పీ-38లు ఉన్న కేబుల్. ఎడమది ఒక చానల్‌కు, కుడిది ఇంకో చానల్‌కు. అది దొరకకపోతే ఒక కొనకు సన్న పిన్ను, రెండో కొనకు టీవీలకు పెట్టే ఎరుపు, తెలుపు ఆర్సీఏ పిన్నులు ఉన్న కేబుల్ తీసుకుని, ఆ రెండింటికీ మోనో పీ-38 అడాప్టర్లు తొడగండి, అమరిక సరిగ్గా ఉంటుంది కాబట్టి అదీ చక్కగా పలుకుతుంది. అడాప్టర్ల మీద నాకేమీ పగ లేదు.

రెండు జాగ్రత్తలు. ఎడమ, కుడి తీగలను ఊరికే ముడేసి ఒక్కటి చేయకండి; ఫోను రెండు అవుట్‌పుట్లు ఒకదానిపై ఒకటి పోట్లాడతాయి. మైకు సాకెట్టుకు ఫోను కలిపేముందు మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోనే మిక్సర్ పంపే కరెంటు) ఆపి ఉందో లేదో చూడండి.

పై మాటలన్నిటికీ ఒక మినహాయింపు ఉంది: టైప్-సి నుంచి 3.5కు మార్చే చిన్న తోక. వాటిలో చాలావాటి లోపల డిజిటల్‌ను సౌండ్‌గా మార్చే చిప్ ఉంటుంది. అంటే పాట నాణ్యత నిజంగానే దాని చేతిలో ఉంటుంది. చిప్ లేని రకమూ ఉంది, అది అన్ని ఫోన్లలోనూ పలకదు. కొట్టులోనే మీ ఫోనుకు పెట్టి విని మరీ డబ్బులివ్వండి.

నా పద్ధతి అడిగితే, సంచిలో అత్యవసరానికి నాలుగు అడాప్టర్లు పడుంటాయి. రోజూ ఒకేచోట ఉండే అమరికకు డైరెక్ట్ కేబుల్ కొంటాను, అదీ ఐదారు మీటర్లు మించకుండా. అంతకన్నా దూరమైతే 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత మొదలయ్యే అవకాశం ఎక్కువ. దాని వైద్యం వచ్చే పాఠంలో.

ఈ వారం పని: ఒకే పాట, ఒకే వాల్యూమ్. ఇంట్లో ఒకరిని అడాప్టర్‌తో ఒకసారి, డైరెక్ట్ కేబుల్‌తో ఒకసారి మీకు చెప్పకుండా మార్చమనండి. మీరు గోడవైపు తిరిగి కూర్చుని ఏది ఏదో కాగితం మీద రాయండి, పదిసార్లు. ఐదారు సరైనవి వస్తే అది బొమ్మా బొరుసా లెక్కే. తొమ్మిది, పది వచ్చాయంటే అడాప్టర్‌ను పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి, ఎక్కడో వదులుంది.