ఎండాకు తెగులా, ఇంకేమైనానా? గుర్తు పట్టి, కారణం వెతికి, ఆ తర్వాతే మందు

సార్వా (ఖరీఫ్) పంటలో ఒక గాలివాన వెళ్ళిన వారం పది రోజులకు నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఆకు కొసలు మాడుతున్నాయి, ఏం కొట్టమంటావు?" మొక్కల బ్యాక్టీరియా తెగుళ్ళ మీద పనిచేసేదాన్ని కాబట్టి అడుగుతారు. నేను మాత్రం ముందు ఏం వచ్చిందో చూడండని బతిమాలతాను. బ్యాక్టీరియా తెగులుకు బూజు తెగుళ్ళ మందు కొడితే తెగులు ఆగదు, డబ్బు పోతుంది. పైగా ఆకు మీదా వేరు చుట్టూ మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కూడా దెబ్బ తింటాయి.

వరి ఆకు కొస నుంచి అంచు వెంబడి పసుపుగా ఎండుతోంది

ఇది బ్యాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు. పొటాష్ లోపం కావచ్చు. సముద్రం దగ్గరి చేలల్లో ఉప్పు తగిలినా కొసలు ఇలాగే మాడతాయి. తేడా అంచులో ఉంటుంది. ఎండాకు తెగులైతే ఎండిన భాగానికీ పచ్చని భాగానికీ మధ్య గీత తిన్నగా ఉండదు, అలలా వంకర్లు పోతుంది.

పొద్దున్నే చేలోకి వెళ్ళి ఆకు అంచు చూడండి. మంచు బిందువు వేలు తగలగానే జారిపోతుంది. తెగులు బిందువు పసుపు రంగులో, కొంచెం జిగటగా వేలికి అంటుకుంటుంది. ఎండెక్కేసరికి అదే గట్టిపడి, నలిపితే ఇసుకలా గరగరలాడుతుంది.

ఇంకా అనుమానముంటే గాజు గ్లాసు పరీక్ష చేయండి. పసుపూ పచ్చా కలిసే చోట రెండంగుళాల ముక్క కత్తిరించి, కోసిన కొస మునిగేలా శుభ్రమైన నీళ్ళలో నిలబెట్టి, గ్లాసును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి పొగలాంటిది నీళ్ళలోకి దిగుతుంది. అదే ఈ తెగులు తెచ్చే బ్యాక్టీరియా, జాంథోమోనాస్ ఒరైజే. పోయినసారి మా మావయ్య చేలో ఈ పరీక్ష చేసేసరికి ఆయన అప్పటికే రెండుసార్లు బూజు మందు కొట్టేసి ఉన్నారు. గ్లాసు చూశాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కారణం చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది. గాలికి ఆకులు రాసుకుని గాయాలవుతాయి, వాటిలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. నారు కొసలు తుంచి నాటితే మనమే దానికి దారి తెరిచినట్టు. యూరియా ఎక్కువైతే ఆకు మెత్తబడుతుంది. అందులోనూ స్వర్ణ, సాంబ మసూరి ఈ తెగులుకు తట్టుకోలేని రకాలు.

చేయాల్సింది: యూరియా వెంటనే ఆపండి. మడిలో నీళ్ళు తీసేసి కొన్నాళ్ళు ఆరనివ్వండి. ఆ నీళ్ళను పక్క చేలోకి కాకుండా మురుగు కాలువలోకి వదలండి. పొటాష్ తగ్గించకండి. వచ్చే ఏడాది విత్తనం మార్చే వీలుంటే, హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేయగా 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరిని చూడండి. ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు అందులో ఉన్నాయి.

యాంటీబయాటిక్ కొట్టినా ఆగలేదు

ఆగకపోవడంలో ఆశ్చర్యం లేదు. బ్యాక్టీరియా ఆకు పైన లేదు, లోపల నీళ్ళు పారే నాళాల్లో ఉంది. మందు అక్కడిదాకా సరిగ్గా చేరదు. పదే పదే కొడితే తట్టుకునే బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకు వాడే మందు, దాన్ని చేలల్లో పారబోయడం నాకు చాలా బాధగా ఉంటుంది. మళ్ళీ కొట్టకండి. పైన చెప్పిన నీళ్ళ, ఎరువుల జాగ్రత్తలే పట్టండి.

ఇక్కడే ఫేజ్‌ల మాట వస్తుంది. బ్యాక్టీరియోఫేజ్ అంటే బ్యాక్టీరియాకు పట్టే వైరస్. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ వీటిని కనిపెట్టారు. ఒక్కో ఫేజ్ తనకు సరిపడే బ్యాక్టీరియాలోకే దూరి, లోపల పిల్లల్ని పెట్టి దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మొక్కకూ మనిషికీ పట్టదు. జపాన్‌లో ఒకప్పుడు వరి మడి నీళ్ళలో ఎండాకు తెగులు ఫేజ్‌లెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, తెగులు ఎంత రావచ్చో ముందే అంచనా వేసేవారు. బ్యాక్టీరియా పెరిగితేనే దాన్ని తినే ఫేజ్ పెరుగుతుంది కదా. ధవళేశ్వరం నుంచి వచ్చిన కాలువ నీరు మడి నుంచి మడికి పారే మన గోదావరి డెల్టాలో ఈ సంగతిని నాకు ఊరికే వదిలేయాలనిపించదు. ఆ నీటితోనే తెగులూ వస్తుంది, దాని శత్రువూ వస్తుంది.

ఫేజ్ కొట్టిన ప్లాటులోనూ తెగులు తగ్గలేదు

ప్రయోగాల్లో పదే పదే ఎదురయ్యే సమస్య ఇది. మొదట అనుమానించాల్సింది ఎండను. ఆకు మీద ఎండ పడితే అతినీలలోహిత కిరణాలకు ఫేజ్‌లు గంటల్లో నిర్వీర్యమవుతాయి. అందుకే సాయంత్రం పొద్దు వాలాక కొట్టాలి. వెన్న తీసిన పాలపొడి కలిపితే కొంత ఎక్కువసేపు నిలుస్తాయని టమాటా మీద తేలింది. ట్యాంకులో పాత కాపర్ మందు మిగిలినా, క్లోరిన్ నీళ్ళు పోసినా పని చెడుతుంది.

రెండోది, ఆ ఫేజ్ మన చేలోని బ్యాక్టీరియాకు సరిపడకపోవడం. మన చేలో బ్యాక్టీరియాను వేరుచేసి, దాని మీద పరీక్షించిన ఫేజే పనికొస్తుంది. ఒకే ఫేజ్ వాడితే బ్యాక్టీరియా త్వరగా తట్టుకోవడం నేర్చుకుంటుంది, కాబట్టి నాలుగైదు కలపాలి. చైనాలో టమాటా వడలు తెగులు మీద 2019లో ప్రచురించిన పరిశోధనలో ఫేజ్‌ల మిశ్రమం తెగులును 80 శాతం వరకు తగ్గించింది. ఫేజ్‌ను తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియా కూడా నెమ్మదిగా పెరిగింది. వేరు దగ్గర దానికి పోటీనిచ్చే మంచి బ్యాక్టీరియా మళ్ళీ పుంజుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. శత్రువును ఒక్కదాన్నే తగ్గిస్తే, దానివల్ల అణగి ఉన్న మిగతావాళ్ళు లేచి నిలబడతారు. యాంటీబయాటిక్ అలా ఏరి చంపదు.

వంగ మొక్క పచ్చగా ఉండగానే వాలిపోయింది

గోదావరి లంక భూముల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. ఆకు పసుపు కాకుండానే మధ్యాహ్నం వాలి, రెండు మూడు రోజుల్లో మొక్క చచ్చిపోతే వడలు తెగులు తెచ్చే బ్యాక్టీరియా రాల్‌స్టోనియాను అనుమానించాలి. కాండం మొదలు కోసి నీళ్ళ గ్లాసులో వేలాడదీస్తే పాలదారం కారుతుంది. ఫ్యుజేరియం బూజైతే దారం రాదు. కాండం లోపల గోధుమరంగు చార మాత్రం రెండిటిలోనూ కనిపించవచ్చు.

మొక్కను వేరుమట్టితో సహా తీసి తోట బయట కాల్చండి. ఆ గుంటలో మాత్రమే బ్లీచింగ్ చల్లండి, తోటంతా వద్దు. నీళ్ళు ఆ వరుస నుంచి పక్క వరుసకు పారనివ్వకండి. మళ్ళీ అక్కడే టమాటా, మిర్చి వేయకుండా మొక్కజొన్న లాంటిది వేయండి. అడవి వంగ మీద అంటుకట్టిన నారు దొరికితే ఖర్చయినా తీసుకోవచ్చు.

సూడోమోనాస్ వేశాను, ఏమీ కనపడలేదు

సూడోమోనాస్ అంటే తెగుళ్ళను అడ్డుకునే మేలు చేసే బ్యాక్టీరియా, పొడిగా ప్యాకెట్లలో అమ్ముతారు. ప్యాకెట్ మీద తేదీ చూడండి. ఎండలో పెట్టిన షాపు సరుకైతే లోపల ప్రాణం ఉండకపోవచ్చు. కాపర్ మందుతో కలిపి కొట్టినా అంతే. బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఉన్నప్పుడు వేరు దగ్గర వేయాలి. ఇది తెగులు రాకముందు కాపు కాసేది. పడిపోయిన మొక్కను లేపదు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వ్యవసాయ పరిశోధన స్థానానికి శాంపిల్ పట్టుకెళ్ళండి. అప్పుడప్పుడే మొదలైన ఆకులు కోసి, తడి లేకుండా పేపర్లో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే దారిలోనే కుళ్ళిపోతాయి. వంగ అయితే వేరు, మట్టితో సహా మొక్క మొత్తం తీసుకెళ్ళండి. ఏ రోజు ఏ మందు కొట్టారో కాగితం మీద రాసి జత చేయండి.