పొడవాటి కమాండ్‌కి హ్యాష్ తోక

టెర్మినల్‌లో కొట్టే పొడవాటి కమాండ్లు, ఉదాహరణకి ఫోన్ వీడియో సైజు తగ్గించే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలు మార్చే ప్రోగ్రామ్) కమాండ్ లాంటివి, ఎవరికీ నోటికి రావు. ఎప్పుడో ఒకసారి అవసరం పడుతుంది, అప్పుడల్లా మళ్లీ గూగులే. వాటికోసం వేరే నోట్స్ ఫైల్ పెట్టుకోనక్కర్లేదు. కమాండ్ చివర ఒక స్పేస్, ఒక హ్యాష్ గుర్తు (#), ఆ తర్వాత మీకు తోచిన పేరు టైప్ చేసి ఎంటర్ నొక్కండి. 'పెళ్లివీడియో' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా చాలు. హ్యాష్ తర్వాత ఉన్నదాన్ని బ్యాష్ (టెర్మినల్‌లో మన కమాండ్లు నడిపే షెల్) పట్టించుకోదు, కానీ హిస్టరీలో, అంటే పాత కమాండ్ల జాబితాలో మాత్రం దాచిపెడుతుంది. మళ్లీ కావాలంటే కంట్రోల్‌తో ఆర్ నొక్కి ఆ పేరులో నాలుగక్షరాలు కొడితే మొత్తం కమాండ్ వచ్చేస్తుంది. ఇంకా పాతది కావాలంటే కంట్రోల్ ఆర్ మరోసారి.

మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా వెర్షన్ నుంచి డీఫాల్ట్‌గా బ్యాష్ బదులు జెడ్‌షెల్ అనే షెల్ వస్తోంది. అందులో ఇలా హ్యాష్ పెట్టాలంటే ముందు 'ఇంటరాక్టివ్ కామెంట్స్' ఆప్షన్ ఆన్ చేయాలి, లేకపోతే హ్యాష్ తర్వాతది కూడా కమాండ్‌లో భాగమే అనుకుంటుంది.

బ్యాష్ మామూలుగా గుర్తుంచుకునేది 500 కమాండ్లే. ఉబుంటు అనే లినక్స్‌లో 1000. ఈ అలవాటుకి అది ఏ మూలకీ చాలదు. బ్యాష్ సెట్టింగ్‌లుండే బ్యాష్ఆర్‌సీ ఫైల్‌లో, హిస్టరీ ఎంత పొడవుండాలో చెప్పే హిస్ట్‌సైజ్, హిస్ట్‌ఫైల్‌సైజ్ రెండూ 100000 చేసేయండి, డిస్క్‌లో పట్టే చోటు పెద్ద లెక్కలోది కాదు. అన్నట్టు, పాస్‌వర్డ్ ఉన్న కమాండ్‌ని మాత్రం స్పేస్‌తో మొదలుపెట్టండి. ఉబుంటు డీఫాల్ట్ సెట్టింగ్‌లో అలాంటివి హిస్టరీలోకి ఎక్కవు.