పెద్దవారికి పాసివ్ వాయిస్ ఎలా నేర్పాలి?

బడిలో "రామా కిల్డ్ రావణా" అన్న వాక్యాన్ని "రావణా వాజ్ కిల్డ్ బై రామా" అని తిప్పి రాయడంతో పాసివ్ వాయిస్ పాఠం అయిపోయేది. తిప్పడం వచ్చిందే గాని, ఎప్పుడు తిప్పాలో ఎవరికీ తెలియలేదు. కాబట్టి ఉద్యోగం కోసమో, పిల్లల చదువు కోసమో మళ్లీ ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవారికి ఆ వాక్యంతో మొదలుపెట్టకండి.

ముందుగా బోర్డు మీద "మా వీధిలో రోడ్డు వేశారు" అని తెలుగులోనే రాసి, ఎవరు వేశారని అడగండి. ఆ సంగతి వాక్యంలో లేదు, చెప్పేవారికి దానితో పనీ లేదు. ఇలాంటి చోటే ఇంగ్లీషువారు "ఏ రోడ్ వాజ్ లెయిడ్" అంటారు. తెలుగులో కర్మణి ప్రయోగం, అంటే పాసివ్ వాయిస్, ఉన్నప్పటికీ "వేయబడినది" అన్న మాట శిలాఫలకాల మీద కనిపించేదే తప్ప మన నోట పలికేది కాదు కనుక, "బడు"తో పోల్చి చెబితే పాఠం మరింత బరువెక్కుతుంది.

తరువాత రూపం నేర్పండి. సెల్‌ఫోను రిపేరు దుకాణాన్ని ఊహించుకోమనండి. బాగుచేస్తున్నారు అంటే "ఈజ్ బీయింగ్ రిపేర్డ్", బాగుచేసేశారు అంటే "హ్యాజ్ బీన్ రిపేర్డ్", రేపు చేస్తారు అంటే "విల్ బి రిపేర్డ్". "రిపేర్డ్" కదలదు, దాని ముందున్నదే మారుతుంది. బీయింగ్, బీన్ చెవికి దగ్గరగా వినిపించి తికమక పెడతాయి కాబట్టి ఇక్కడ ఒక పూట ఎక్కువ పట్టినా ఫరవాలేదు. ఖాతాలో డబ్బు తగ్గినప్పుడు వచ్చే "హ్యాజ్ బీన్ డెబిటెడ్" అన్న సందేశాన్ని ఎవరి ఫోనులో వారినే వెతకమంటే, బీన్ ఇక మరచిపోరు. అన్ని కాలాల పట్టికను మాత్రం బట్టీ పట్టించకండి.

ఆపైన తప్పుల సంగతి. "యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్", "హి వాజ్ డైడ్" అన్నవి మనవారి నోట తరచుగా వినిపిస్తాయి. క్రియను "ఎవరిని? దేనిని?" అని ప్రశ్నించడం అలవాటు చేయండి, "చనిపోయాడు" అన్నదానికి ఆ ప్రశ్నే కుదరదు, కనుక పాసివ్ రాదు. "పుట్టాను" అన్నదానికీ కుదరదు కదా, మరి "ఐ వాజ్ బార్న్" ఎలా వచ్చిందని చురుకైనవారు తప్పక అడుగుతారు. అక్కడ ఇంగ్లీషు క్రియ పుట్టడం కాదు, కనడం; ఎవరిని కన్నది అంటే నన్ను అన్న జవాబుంది.

చివరగా "బై" సంగతి. "చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591" అన్నప్పుడు ఏడాదే ముఖ్యం, కట్టించినవారి ప్రస్తావన అక్కరలేదు. ఎవరు కట్టించారని పర్యాటకుడు అడిగితే మాత్రం "బై మహమ్మద్ కులీ కుతుబ్ షా" అని చేర్చాలి. ఇదే పద్ధతిలో తమ ఊరి గుడి గురించో, చెరువు గురించో రెండేసి వాక్యాలు రాసుకురమ్మనండి.