ముందు బ్రేక్ ఫ్లూయిడ్ ఇంట్లోనే మార్చాను

బైక్ ముందు చక్రం బ్రేక్ లివర్ నొక్కితే మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. ప్యాడ్లు బాగున్నాయి, లీకేజీ లేదు. ఫ్లూయిడ్ మాత్రం టీ డికాక్షన్ రంగుకి తిరిగింది. ఇది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక రకం) కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు.

ఫ్లూయిడ్ ఉండే రిజర్వాయర్ మూత మీద డాట్ 4 అనే ఉంది, సీల్ తీయని కొత్త డబ్బా తెచ్చాను. డాట్ 5 (5.1 కాదు) సిలికాన్‌ది, దీనితో కలపకూడదు. ఫ్లూయిడ్ పడితే పెయింట్ లేచిపోతుంది కాబట్టి ట్యాంకు మీద తడిగుడ్డ కప్పాను.

కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే భాగం) మీది నిపుల్‌కి, అంటే ఫ్లూయిడ్‌ని బయటికి వదిలే చిన్న బోల్టుకి, రింగ్ స్పానర్ పెట్టి, పైన పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొసను కాస్త ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచాను. లివర్ నొక్కి పట్టుకోవాలి, నిపుల్ పావు చుట్టు వదులు చేయాలి, బిగించాలి, అప్పుడే లివర్ వదలాలి. వరస తప్పితే గాలి లోపలికి లాగేస్తుంది. రిజర్వాయర్ అడుగంటకముందే నింపుతుండాలి.

గొట్టంలో తేట ఫ్లూయిడ్ వచ్చాక కూడా లివర్ మెత్తగానే ఉంది! గాలి పైన, మాస్టర్ సిలిండర్‌కి (లివర్ దగ్గర ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) హోస్‌ని కలిపే బాంజో బోల్టు దగ్గర దాక్కుంది. హ్యాండిల్ తిప్పి రిజర్వాయర్‌ని ఎత్తులో ఉంచి, బ్రేక్ హోస్‌ని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ లివర్‌ని కొద్దికొద్దిగా ఆడించాను. సన్నని బుడగలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చాలామంది వదిలేసేది ఇదేననుకుంటా. మళ్లీ కింద నిపుల్ దగ్గర బ్లీడ్ చేస్తే (ఫ్లూయిడ్‌తో పాటు గాలిని బయటికి తీస్తే) లివర్ గట్టిపడింది.

నిపుల్‌ని మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను, బలం చూపిస్తే విరిగి కూర్చుంటుంది. ఎక్కేముందు బండిని తోస్తూ బ్రేక్ పట్టి చూశాను, నిపుల్ దగ్గర చెమ్మ లేదు.