కిలిమంజారో ఎక్కి చందాలు పోగుచేయడం ఎలా?

ఒక మంచి పనికి డబ్బు కోసం పదిమంది కలిసి విదేశంలో కొండ ఎక్కుదామనుకోగానే మనవాళ్ళు మొదట చేసే పని టీషర్టులు ప్రింటు వేయించడం. రెండోది వాట్సాప్ గ్రూపు పెట్టడం. ఎవరికి ఎత్తు పడుతుందో, ఎవరిచ్చిన చందా ఏ అకౌంట్లో పడిందో విమానం దిగాక గానీ గుర్తుకురాదు. ఈ వరస మొత్తం తిరగేయాలి. ఇలాంటి చందా ట్రెక్కులకి ఎక్కువమంది ఎంచుకునేది టాంజానియాలోని కిలిమంజారోనే కాబట్టి దాని గురించే చెప్తాను. 5,895 మీటర్ల ఎత్తు. తాడు పట్టుకుని వేలాడే పని లేదు, నడవగలిగితే చాలంటారు. ఆ 'చాలు' దగ్గరే ఉంది తంటా అంతా.

ముందు డబ్బు సంగతి

విమానం టికెట్టు, పార్కు ఫీజు, గైడ్ల ఖర్చు, టిప్పులు అన్నీ ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలి. దాతలిచ్చిన ప్రతి రూపాయీ సేవా సంస్థకే చేరాలి. సగం ట్రిప్పుకి, సగం సేవకి అనే లెక్క కొన్ని దేశాల్లో మామూలే. మన దగ్గర మాత్రం "మన డబ్బుల్తో ఆఫ్రికా తిరిగొచ్చారు" అని పెళ్ళి భోజనాల్లో ఒక్క మేనమామ అంటే చాలు, మరుసటేడు ఎవరూ పైసా ఇవ్వరు.

చందాలు మీ ఫోన్‌పే నంబరుకి రానివ్వకండి. నేరుగా సంస్థ అకౌంటుకే వెళ్ళాలి, రసీదు కూడా సంస్థే ఇవ్వాలి. ఇచ్చిన చందా మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ అంటారు) కావాలన్న వాళ్ళ పాన్ నంబరు ముందే తీసుకోండి. 2,000 రూపాయలు దాటిన నగదుకి ఆ మినహాయింపు రాదనీ, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే అది పనికొస్తుందనీ ముందే చెప్పేయండి. మార్చి నెలలో మీకు వచ్చే ఫోన్లు సగానికి తగ్గుతాయి.

అమెరికా చుట్టాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డున్నా సరే, ఆ డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి, అదీ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని అకౌంటులోనే. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకు ఏ పాస్‌పోర్టు మీద తిరుగుతున్నాడో అడగడానికి మొహమాటపడకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన షరతు. "శిఖరం ఎక్కితే ఇంత ఇస్తాం" అనే మాట ఒప్పుకోకండి. మీటరుకి రూపాయి చొప్పున 5,895 రూపాయలు అనే లెక్క పోస్టరు మీద బాగుంటుంది. కానీ ఎన్ని మీటర్లు ఎక్కితే అన్నే ఇస్తామంటే మాత్రం వద్దని చెప్పండి. చందా మీరు బయల్దేరకముందే పూర్తిగా కట్టేయాలి. ఎందుకో కింద ఎత్తు దగ్గర చెప్తాను.

రూటు, రోజులు, నెల

లెమోషో రూటు, 8 రోజులు. దీనికి తక్కువైతే వెళ్ళకండి. మరంగు రూటులో పడుకోవడానికి గుడిసెలున్నాయి, 5 రోజుల్లో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. అందుకే మనవాళ్ళు దాని మీద పడతారు. తక్కువ రోజులంటే పార్కు ఫీజు తగ్గడం ఒక్కటే కాదు, ఒంటికి అలవాటు పడే రాత్రులు కూడా తగ్గుతాయి. మచామే అనే ఇంకో రూటు 7 రోజులైతే ఫరవాలేదు, 6 రోజులైతే వద్దు.

పన్నెండు మందికి మించి తీసుకెళ్ళకండి. మన ఎండాకాలం సెలవులకి పెట్టుకుందామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు. జనవరి, ఫిబ్రవరి గానీ, జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా గానీ చూసుకోండి.

ట్రెక్కు కంపెనీని ఎంచుకునేటప్పుడు భోజనం మెనూ అడగడం మానేసి రెండు ప్రశ్నలు అడగండి. మొదటి ప్రశ్న: పోర్టర్లకి జీతం ఎంత, వాళ్ళు మోసే బరువు ఎంత? పోర్టరు మోసే బరువు 20 కిలోలు దాటకూడదు. వాళ్ళ జీతభత్యాల మీద కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ కన్నేసి ఉంచుతుంది, దాని జాబితాలో ఉన్న కంపెనీలే తీసుకోండి. సేవ పేరుతో వెళ్ళి, మన సంచులు మోసేవాళ్ళ కూలి దగ్గర బేరమాడటం ఏం మర్యాద? రెండో ప్రశ్న: శిఖరానికి ఎక్కే చివరి రాత్రి ముగ్గురు మూడు వేర్వేరు చోట్ల వెనక్కి తిరిగితే, ముగ్గురికీ తోడొచ్చే గైడ్లున్నారా? జవాబు నసిగితే ఫోను పెట్టేయండి.

కాగితాలు, సామాను, సాధన

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్ళేవాళ్ళు దీన్ని చివరి వారానికి వదిలేయకూడదు. హైదరాబాదులో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్సులో 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్ కవరవుతుందని రాసి ఉందా లేదా చూడండి. మామూలు పాలసీలు చాలావరకు అంత ఎత్తుకి వర్తించవు.

సామాను జాబితా కంపెనీయే ఇస్తుంది. కాటన్ బనీన్లు వద్దు, కొత్త బూట్లు వద్దు, చేతికర్రలు రెండూ ఉండాలి. పల్చటి ప్లాస్టిక్ సంచులు టాంజానియాలో 2019 నుంచి నిషేధం, కాబట్టి ఆవకాయ స్టీలు డబ్బాలో, రబ్బరు వాషరున్న మూతతో. ఆవకాయ వేళాకోళానికి చెప్పట్లేదు. నాలుగు వేల మీటర్ల మీద ఆకలి చచ్చిపోతుంది. దోసకాయ సూపు, గంజి చూస్తే ముద్ద దిగనివాళ్ళు అన్నంలో ఇంత ఊరగాయ కలిపితే నాలుగు ముద్దలు తింటారు.

సాధనకి అలిపిరి మెట్లు బాగుంటాయి, 3,550 ఉన్నాయి. కాకపోతే మనవాళ్ళు ఎక్కి దర్శనం చేసుకుని బస్సులో దిగుతారు. మీరు నడిచే దిగాలి. కిలిమంజారో మీద శిఖరం ఎక్కిన రోజే దాదాపు 2,800 మీటర్లు కిందికి దిగాలి, మోకాళ్ళు అప్పుడు అడుగుతాయి లెక్క. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: తిరుమల కాళ్ళకి సాధన, ఎత్తుకి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండలే 1,700 మీటర్లు దాటవు. ఎత్తుకి సాధన మన రాష్ట్రాల్లో ఎక్కడా దొరకదు.

అసలు కష్టమైన మెట్టు: ఎత్తు

శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో సగమే. మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకి మించి పెరగకూడదని డాక్టర్ల లెక్క. లెమోషో 8 రోజుల్లో కూడా ఈ లెక్క పూర్తిగా నిలవదు. నాలుగోరోజు లావా టవర్ దగ్గర 4,600 మీటర్ల దాకా ఎక్కి, మళ్ళీ బరాంకో క్యాంపుకి, 3,900 చిల్లరకి, దిగి పడుకుంటాం. ఆ రోజు తలనొప్పిగా ఉంటుంది, చినుకులు పడొచ్చు, కింది దారిన నేరుగా క్యాంపుకి పోదామని ఎవరో అంటారు. ఒంట్లో బాగా తేడా చేసినవాళ్ళని కింది దారినే పంపండి, మిగతా అందరూ పైకే. లావా టవర్ దగ్గరే కూర్చుని మధ్యాహ్నం భోంచేయాలి. అంత ఎత్తులో కాసేపు గడిపితే ఒంటికి అలవాటవుతుంది, చివరి రాత్రి కాపాడేది ఆ భోజనమే.

పైన గాలి పల్చబడి వచ్చే ఈ ఎత్తు జబ్బు గుండెబలం ఉన్నవాళ్ళకి రాదు, జిమ్ముకి వెళ్ళేవాళ్ళకి రాదు అనుకోకండి. వాళ్ళూ పడిపోతుంటారు, ఎందుకంటే వేగంగా నడుస్తారు. వరసలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని గైడు వెనకాలే పెట్టండి. మిగతావాళ్ళంతా ఆ మనిషి వెనకే.

రోజూ సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా చూడాలి. "ఎలా ఉంది?" అని అడగకండి, "బానే ఉంది" అనే జవాబు తప్ప ఇంకేం రాదు. ఎంత తిన్నావు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావు, తల ఎక్కడ నొప్పి, అని అడగండి. తర్వాత టెంటు బయట ఒక కాలి వేళ్ళకి రెండో కాలి మడమ ఆనిస్తూ పది అడుగులు సరళరేఖలో నడవమనండి. తలకి కట్టుకునే లైటు వెలుగులో ఆ పది అడుగులు చూస్తే చాలా తెలుస్తుంది. చేతులు చాపి, మూడో అడుగులో పక్కకి తూలి, "రాయి తగిలింది" అంటారు. అక్కడ రాయి ఉండదు. ఇదంతా నోటు పుస్తకంలో రాయాలి, ఫోన్లో కాదు. చలికి ఫోను చస్తుంది.

తలనొప్పితో పాటు వాంతి, తల తిరగడం, విపరీతమైన నీరసం ఉంటే ఆ మనిషి ఆ రోజుకి ఇక ఒక్క మీటరు కూడా పైకి వెళ్ళకూడదు. తెల్లారేసరికి తగ్గకపోతే కిందికి. నడక తూలినా, మాట తడబడినా మెదడుకి వాపు వస్తోందని అర్థం. అర్ధరాత్రి అయినా సరే, గైడు తోడుతో అప్పటికప్పుడు దించేయాలి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట, దానికీ అంతే. తెల్లారాక చూద్దాం అనే మాట ఈ రెండింటి దగ్గర పనికిరాదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరుని తీర్పరిగా పెట్టుకోకండి. చల్లటి వేళ్ళకి, నెయిల్ పాలిష్‌కి అది అబద్ధం చెప్తుంది.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి ఇంటి దగ్గరే డాక్టరుతో తేల్చుకోండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్ళు. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, రాత్రి టెంటులోంచి మాటిమాటికీ బయటికి లేవాలి. అది ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి సాయపడే మందు. డెక్సామెథసోన్ అలా కాదు, అది లక్షణాల్ని అణచిపెడుతుంది. అది కిందికి దిగేవాళ్ళకి. దాన్ని మింగి పైకి ఎక్కుదామనే వాళ్ళుంటారు, అలాంటి స్ట్రిప్పులు బయల్దేరే ముందే సంచుల్లోంచి తీయించండి. మద్యం, సిగరెట్టు, నిద్రమాత్రలు పైన ఎవరికీ లేవు.

ఇప్పుడు చందా దగ్గరికి రండి. మామూలు ట్రెక్కులో తలనొప్పి వస్తే మనిషి చెప్పేస్తాడు. చందా ట్రెక్కులో దాచిపెడతాడు. "మా ఆఫీసు వాళ్ళు శిఖరం ఎక్కితే లక్ష ఇస్తామన్నారు, ఇప్పుడెలా దిగను" అని నాతో టెంటులో గుసగుసగా అన్నవాళ్ళున్నారు. అందుకే డబ్బు ముందే కట్టేయమనేది. ఆ లక్ష సంస్థ ఖాతాలో పడిపోయాక, తలనొప్పి గురించి నిజం చెప్పడానికి మనిషికి అడ్డేమీ ఉండదు.

దీనికి నేను పాటించే పద్ధతి ఇంకోటుంది. బ్యానరు ఫోటో శిఖరం మీద తీయను. ఆరోరోజు శిఖరానికి ముందరి చివరి క్యాంపు బరాఫులో, 4,670 మీటర్ల దగ్గర, సాయంత్రం వెలుగుండగానే, వంటవాళ్ళూ పోర్టర్లతో సహా అందర్నీ నిలబెట్టి తీసేస్తాను. దాతలకి వెళ్ళేది ఆ ఫోటోనే. తర్వాత బ్యానరు మడిచి, కిందికి దిగే సంచిలో పెట్టిస్తాను. పైన శిఖరం మీది ఉహురు బోర్డు దగ్గర తీస్తేనే గొప్ప అనేవాళ్ళతో వాదించను. మైనస్ పదిహేను చలిలో గాలికి కొట్టుకుంటున్న గుడ్డని పట్టుకుని, చేతి తొడుగులు తీసి, వరసలో నిలబడితే ఏం ఫోటో వస్తుందో వాళ్ళే చూసుకోవచ్చు.

ఇంటి దగ్గరే అందరిచేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించండి: దిగమని పెద్ద గైడు అంటే దిగడమే, ఓటింగు లేదు, గ్రూపు లీడరు సిఫారసు లేదు. జంటలుగా కలిపి ఒకరినొకరు కనిపెట్టుకోమనండి గానీ, భార్యాభర్తల్ని ఒక జంటలో వేయకండి. ఒకరికి బాగాలేదంటే ఇద్దరూ ఆగిపోవాల్సి వస్తుందని ఇద్దరూ దాస్తారు.

అర్ధరాత్రి బయల్దేరాక సంచిలోంచి తాగే నీళ్ళ గొట్టం గడ్డకడుతుంది, సీసా తలకిందులుగా పెట్టుకోండి. తెల్లవారే వేళకి స్టెల్లా పాయింట్, 5,756 మీటర్లు. అక్కడ చాలామంది ఏడుస్తారు, కొందరు కూర్చుండిపోతారు. శిఖరానికి ఇంకా ముప్పావుగంట, గంట నడక. మళ్ళీ ఆ పది అడుగుల పరీక్ష అక్కడ పెట్టండి. తూలినవాళ్ళు అక్కడినుంచే వెనక్కి. స్టెల్లా దాకా వచ్చినవాళ్ళకీ పార్కు సర్టిఫికెట్ ఇస్తుంది.

దిగాక

టిప్పులు కవర్లలో, ఎవరికెంతో అందరి ముందూ చదివి ఇవ్వండి. ఇంటికొచ్చిన వారంలో దాతలకి ఉత్తరం వెళ్ళాలి. మొదటి వాక్యంలో మొత్తం ఎంత వచ్చింది, సంస్థకి ఏ తేదీన చేరింది. రెండో వాక్యంలో అది దేనికి ఖర్చవుతుంది. తర్వాత బరాఫు ఫోటో. ఎవరు పైదాకా వెళ్ళారు, ఎవరు మధ్యలో దిగారు అనేది అందులో రాయకండి. అడిగినవాళ్ళకి ఎవరి సంగతి వాళ్ళే ఫోన్లో చెప్పుకుంటారు.