పాత ఫొటోలు, దస్తావేజులు: లాగకండి, అతికించకండి

ఫొటో అద్దానికి అంటుకుపోయింది

వానాకాలం దాటాక నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇదే. ఫ్రేమును పక్కకి వంచి చూడండి, తడిసినట్టు మెరిసే మచ్చ ఉన్నచోటల్లా అంటుకున్నట్టే. ఫొటో పైపొర జెలటిన్ అనే జిగురు పదార్థం. చెమ్మ పీల్చి జిగటగా మారుతుంది, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేస్తుంది. ఒకావిడ వాళ్ల నానమ్మ పెళ్లి ఫొటో తెచ్చారు, ఇంట్లోనే లాగేశారట. ఎడమ కన్ను, చెంప, ముక్కుపుడక అద్దం మీదే ఉన్నాయి. ఫొటోలో ఆ మేర ఉత్త తెల్ల కాగితం. దయచేసి లాగకండి. అద్దంతో సహా స్కాన్ చేయించి, విడదీసే పని నాలాంటి కన్జర్వేటర్‌కి (పాత ఫొటోలు, కాగితాలు బాగుచేసేవారికి) వదిలేయండి. కొత్త ఫ్రేములో ఆసిడ్ లేని మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ పెట్టే దళసరి అట్ట) పెట్టిస్తే అద్దానికీ ఫొటోకీ ఎడం ఉంటుంది.

దస్తావేజు మడతల దగ్గర చిరుగుతోంది

నిజాం కాలపు ఉర్దూ దస్తావేజులు ట్రంకుపెట్టెలో ఏళ్లకేళ్లు మడిచే ఉంటాయి. మడత పడ్డచోట కాగితం నార విరుగుతుంది. సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమరంగు మచ్చవుతుంది. లామినేషన్ ఇంకా ఘోరం. మా ఇంటి దస్తావేజుకి, నేను ఈ పనిలోకి రాకముందే, ఒక జిరాక్స్ షాపులో చేయించారు. వేడికి కరిగిన జిగురు నారలో కలిసిపోయింది. దాన్ని విప్పే ధైర్యం నాకు ఈరోజుకీ లేదు.

చిరుగు అతకడానికి మేం వాడేది జపనీస్ టిష్యూ అనే సన్నటి కాగితం, గోధుమ గంజి. రేపు అవసరమైతే కాస్త తడితో ఊడివస్తుంది. అయితే ముందు సిరా నీటికి పారుతుందేమో పరీక్షించాలి. మీరు చేయాల్సిందల్లా మడత విప్పి, పాలియెస్టర్ కవర్లో సాపుగా ఉంచడమే. కాగితం విరుగుతుంటే విప్పడం కూడా వద్దు.

యాభై ఏళ్ల కాగితమే పొడిపొడి అవుతోంది

హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారం) షాజహాన్ కాలపు కాగితాలు ఇంకా ఉన్నాయి. అవి చేత్తో చేసినవి. తర్వాత వచ్చిన చెక్కగుజ్జు కాగితంలో పటిక వేశారు, అది ఆమ్లమై లోపలినుంచి తినేస్తోంది. ఆమ్లం తీసే పని ల్యాబులోనే. ఈలోగా స్కాన్ చేసి, మంచి కాగితాలకు దూరంగా పెట్టండి.

బూజు

గాలాడని బీరువా, 65 శాతం దాటిన తేమ ఉంటే బూజు పడుతుంది. ఎండలో వేయకండి, సిరా వెలుస్తుంది. నీడలో పూర్తిగా ఆరాకే, మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తని బ్రష్‌తో దులపండి. తడి బూజును తుడిస్తే లోపలికి రుద్దినట్టే.

వరదలో తడిసిపోయాయి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలు మునిగినప్పుడు చూశాం. బూజుకి 48 గంటలు చాలు. అంతలో ఆరబెట్టలేకపోతే కాగితాల కట్టను విడదీయకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గాజు నెగటివులను (పాతకాలపు గాజు పలకల మీది నెగటివులను) మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు, పొర లేచిపోతుంది.