అల్లర్లు జరిగిన వీధి ఎంత నష్టపోయిందో లెక్క కట్టడం

విశాఖలో బ్యాంకు లోన్ల కోసం ఇళ్లకు, షాపులకు విలువ కట్టడం నా పని. మా మేనకోడలు ఇక్కడే ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది. 1988 డిసెంబరులో ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య తర్వాత బెజవాడలో జరిగిన అల్లర్లు అక్కడి వీధుల్ని ఎన్నేళ్లు దెబ్బతీశాయో ప్రాజెక్టు చేస్తానంది. "మావయ్యా, కాలిపోయిన షాపుల లిస్టు దొరికితే సరిపోతుందా?" అని అడిగింది. చాలదమ్మా అన్నాను. కాలిన సరుకు ఆ రోజు నష్టం. ఆ తర్వాత పదేళ్లు పెరగాల్సినంత పెరగని అద్దె, వేరే పేటకి తరలిపోయిన బట్టల కొట్టు, వీటిని కదా పట్టుకోవాలి.

ముందు ఒక జత వీధి వెతకండి. గొడవకి ముందు కొన్నేళ్లూ దీనితో సమానంగా నడిచినదై ఉండాలి, అల్లర్లు తగలనిదై ఉండాలి. రెండింటి మధ్య అప్పుడున్న తేడా, తర్వాత వచ్చిన తేడా చూస్తే నష్టం తెలుస్తుంది. మరీ పక్క వీధిని మాత్రం తీసుకోకండి. మా విశాఖలో పూర్ణామార్కెట్ మూస్తే బేరం చుట్టుపక్కల కొట్లకే పోతుంది. వాళ్ల లాభం కూడా కలిసి నష్టం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

జత లేకుండా లెక్కేసి నేనే బోల్తా పడ్డాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక బీచ్ వైపు ఒక ఫ్లాట్ రేటు మారితే అంతా తుఫాను ఖాతాలో రాసేశాను. అదే ఏడాది జూన్ 2న రాష్ట్రం విడిపోయిందన్న సంగతి రిపోర్టు ఇచ్చేశాక తట్టింది.

లెక్కలకి మొదట ఈసీలు, అంటే ఒక ఆస్తి మీద ఏ అమ్మకాలు, తాకట్లు రిజిస్టరయ్యాయో చూపే కాగితాలు తీయండి. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అందులో రాసిన రేటుని నమ్మొద్దు. ప్రభుత్వ విలువ దగ్గర్లో రాసి మిగతాది చేతిలో పెట్టడం మనకి కొత్తా? ఏడాదికి ఎన్ని అమ్మకాలు జరిగాయో లెక్కపెట్టండి, అది అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు. కమర్షియల్ కరెంటు మీటర్లు, ట్రేడ్ లైసెన్సుల పాత రికార్డులు దొరికితే అదృష్టమే. వ్యాపారుల్ని "ఎంత నష్టం?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్తారు. "పక్క షట్టరు మళ్లీ ఎప్పుడు లేచింది?" అనండి. "మా పెద్దమ్మాయి పెళ్లైన ఏడాది" అంటారు. పెళ్లి ఏడాది తప్పు చెప్పేవాళ్లు తక్కువ.

అసలు చిక్కు ఇంకోటి. అప్పటికే చితికిపోతున్న పేటలోనే గొడవలు ఎక్కువ జరిగి ఉంటే? అమెరికాలో 1960ల అల్లర్ల మీద కాలిన్స్, మార్గో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనికి వానని వాడుకున్నారు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన నెలలో వాన పడిన ఊళ్లలో జనం వీధుల్లోకి తక్కువ వచ్చారు. ఆ నెల వానకీ పదేళ్ల తర్వాతి ఇంటి ధరకీ వేరే సంబంధం లేదు కదా. కాబట్టి వాన పడని ఊళ్లలో ధరలు ఎక్కువ పడితే అది అల్లర్ల వల్లే అనుకోవచ్చు. నల్లజాతివారి ఇళ్ల విలువ అల్లర్ల తర్వాత పడిపోయిందనీ, 1980కి కూడా పెద్దగా కోలుకోలేదనీ తేల్చారు. ఒకే ఊళ్లో వీధికో వాన పడదు కాబట్టి ఆ చిట్కా మనకి కుదరదు. అమ్మకాలు 1988కి ముందే తగ్గడం మొదలైందా అని మాత్రం తప్పకుండా చూడండి.

ఇవాళ ఆ వీధిలో గజం రేటు బాగానే ఉండొచ్చు. అప్పట్లో అయినకాడికి అమ్ముకుని పోయినాయనకి అందులో పైసా రాదు. అందుకే 1989, 90 ఈసీల్లో అమ్మినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, దొరికినవాళ్లని కలిసి రమ్మన్నాను. బెజవాడ రైలు టికెట్ నాదే.